అందరికీ సరిపోయే కారు

“కారు కొనడానికి నా మోకాలు కొలవడమేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!” అంది అత్తగారు, మంచం అంచున కూర్చుని కాళ్లు వేలాడేసి.

కోడలు నేలమీద గొంతుక్కూర్చుని, బట్టలు కుట్టే టేపు ఒక కొసను పెద్దావిడ మడమ దగ్గర నొక్కిపట్టి, రెండో కొసను మోకాలి మడతదాకా లాగింది. “సీటు దీనికన్నా కిందికుంటే మీరు లేవలేరు అత్తయ్యా. పైకుంటే ఎక్కలేరు. మీ చిన్నబ్బాయి కారు ఎక్కబోయి ఎంత అవస్థపడ్డారో మర్చిపోయారా?”

“అది కారా? మేడ! దాంతోపాటు నిచ్చెన కూడా కొనుక్కోవాల్సింది వాడు.”

“అందుకే ఆ ఎత్తు బళ్లు మనకొద్దు. వెడల్పుగా, వెనక డిక్కీ ఉన్న పెద్ద సెడాన్ అయితే మీకు సుఖం.”

“ఏదైనా కొనండి. ముందు సీటు మాత్రం నాది. ఇప్పుడే చెప్తున్నా.”

చెప్పక్కర్లేదు. ముందు సీటు ఎప్పుడూ ఆవిడదే. ఆ ఇంట్లో ఎవరికేం కావాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మామగారు ఇంట్లో చేతికర్రతో తిరుగుతారు గానీ బయట నాలుగడుగులు మించి నడవాలంటే మడత కుర్చీబండి ఉండాలి. అది డిక్కీలో అడ్డంగా పట్టాలంటే మూత ఎంత వెడల్పు తెరుచుకోవాలో ఆమె కొలిచింది. ఆయన దిగడానికి వీలుగా వెనక సీట్లో ఎడమవైపు తలుపు పక్కన కూర్చోవాలి. కూతురికి కిటికీ లేకపోతే కడుపులో తిప్పుతుంది కాబట్టి కుడివైపు తలుపు దానిది. కొడుకు ఏడాదిలో తాటిచెట్టులా ఎదిగాడు. వాడు ఆ ఇద్దరి నడుమా కూర్చోవాలంటే, కారు లోపల నేల మధ్యలో గూనిలా లేచి ఉండే దిమ్మె ఎత్తు తక్కువగా ఉండాలి, లేకపోతే వాడి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. భర్తకు నడుం నొప్పి, డ్రైవరు సీటు వెనక్కి వాలే తీరు సరిగ్గా ఉండాలి. ఇవన్నీ ఆమె ఎక్కడా రాసుకోలేదు. డిగ్రీలో లెక్కలు చదివింది. పెళ్లయ్యాక ఆ చదువుకు దొరికిన పని ఇదే.

పని అప్పగించినప్పుడు భర్త పేపరులోంచి తలెత్తలేదు. “నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, కాస్త చూసిపెట్టు. నాకు ఆఫీసులో ఊపిరాడ్డం లేదు,” అన్నాడు. ఇంట్లోనే ఉండడం అంటే ఏమిటో ఆయనకు ఏనాడూ తెలిసినట్టు లేదు. పొద్దున లేచింది మొదలు ఒకరికి మందు, ఒకరికి వేడినీళ్లు, ఒకరికి ఇస్త్రీ చొక్కా, ఒకరికి జడ. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దొరికే కాస్త వ్యవధిలో ఆమె ఫోనులో కార్ల గురించి చదివేది. కొత్తదా, సెకండ్ హ్యాండా అన్న దాని మీద ఇంట్లో రోజూ పంచాయితీ. మామగారిది కొత్తదాని పక్షం. “కొత్త బండి వాసనే వేరురా, బతికున్నప్పుడు ఒక్కసారి పీల్చాలి,” అనేవారు కొడుకుతో. అత్తగారికి ఇంకొకరు కూర్చున్న సీటంటే ఏవగింపు. “ఎవరో వాడి వదిలేసింది మనకెందుకు? మనకేం గతిలేకా?” ఊళ్లో లేని మరిది ఫోనులోంచి, “అన్నయ్యా, ఏదో ఒకటి తొందరగా తెముల్చు, ఆ డబ్బా కారులో నువ్వు తిరుగుతుంటే నాకు సిగ్గేస్తోంది,” అనేవాడు.

ఉన్న సొమ్ముకు కొత్తదైతే మళ్లీ చిన్నదే వస్తుంది. పెద్దది కావాలంటే కొన్నేళ్లు తిరిగినదే కొనాలి. ఆమె పెద్దదాని కోసం పట్టుబట్టింది. ఏ విషయంలోనూ నోరెత్తని మనిషి ఈ ఒక్కదాని కోసం భోజనాల దగ్గర గొంతు పెంచి మాట్లాడితే అందరికీ వింతగా ఉంది. “నీకెందుకమ్మా అంత పట్టుదల? కొన్నాక నువ్వు నడుపుతావా ఏమిటి?” అంది అత్తగారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, మామగారికి ఇంకాస్త కూర వడ్డించింది.

ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉన్న చిన్న కారులో ఇన్నాళ్లూ కూతురిని ఒళ్లో పెట్టుకుని ఏదో ఇరుక్కునేది. పిల్ల పెద్దదైంది. ఒకరోజు ప్రయాణానికి అంతా సిద్ధమయ్యాక, “నేను ఒళ్లో కూర్చోనమ్మా, ఎవరైనా చూస్తే నవ్వుతారు,” అంది. కారు తలుపు దగ్గర ఒక క్షణం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇబ్బంది చూడలేక ఆమే అంది, “మీరు వెళ్లి రండి. ఇంటి దగ్గర ఎవరో ఒకరుండాలి కదా.” అంది మొదటిసారి ఆమే. రెండోసారి నుంచి వాళ్లన్నారు. మూడోసారి నుంచి ఎవరూ అననక్కర్లేకపోయింది. ఎవరో ఒకరు అంటే ఆ ఇంట్లో ఒక్కరే అని స్థిరపడిపోయింది. ఆ తర్వాత దానికి కారణం కూడా పుట్టింది. ఎవరైనా చుట్టాలు అడిగితే అత్తగారు, “మా కోడలికి ప్రయాణాలు పడవండీ,” అని చెప్పేది. పడవని ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. నాలుగిళ్లలో నాలుగుసార్లు అన్నాక, నిజంగానే పడవేమోనని ఆమెకే అనుమానం వచ్చింది.

వాళ్లు సముద్రం దగ్గరికి వెళ్లిన రోజు ఆమె తెరలు ఉతికింది. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. పిలిచేవాళ్లు లేకపోతే తను ఎటు నడవాలో కాళ్లకు తోచలేదు. గ్లాసు కింద పెడితే ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. గిన్నెలో మిగిలిన అన్నం పొయ్యి దగ్గర నిలబడే తిన్నది. ఒక్కదాని కోసం కంచం పెట్టుకుని కూర్చోవడం ఎవరింట్లోనో కూర్చున్నట్టు అనిపించింది. సాయంత్రం ఫోనులో ఫొటో వచ్చింది. అలల ముందు ఐదుగురూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఆమె దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఎవరి పక్కనైనా కాస్త ఖాళీ ఉందేమోనని వెతికింది. లేదు. చక్కటి ఫొటో. అందులో ఏమీ తక్కువ లేదు. “హాయిగా రెస్టు తీసుకున్నావా?” అన్నాడు భర్త తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ. మర్నాడు బట్టలు ఉతుకుతుంటే ప్రతి జేబులోంచీ ఇసుక రాలింది. సముద్రంలో ఆమె వాటా అదే.

వచ్చే ఏడు కొడుకు వేరే ఊరి కాలేజీలో చేరి హాస్టలుకు వెళ్లిపోతాడు. ఒకసారి వెళ్లిన పిల్లలు మళ్లీ ఇంటికి చుట్టాల్లాగే వస్తారని ఆమెకు తెలుసు, తనూ అలాగే వెళ్లింది కనక. ఈలోగా ఒక్కసారి ఇద్దరు పిల్లలతో, ఇంటిల్లిపాదితో సముద్రం దాకా వెళ్లాలి. “పెద్ద కారు కొన్నాక అందరం వెళ్దాంలే,” అని భర్త ఎప్పుడో అన్న మాటను ఆమె గట్టిగా పట్టుకుంది. అందరం. ఆ మాట కోసమే ఆమె ఇంజన్ల గురించి చదివింది.

మొదట చూసిన కారు అద్దంలా మెరుస్తోంది. ఆదివారం పూట భార్యాభర్తలిద్దరే వెళ్లారు. భర్త చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూసి, బ్రోకరుతో బేరానికి దిగబోయాడు. లోపల అత్తరు సీసా ఒలికినంత వాసన. అంత వాసన దేన్ని దాచడానికో ఆమెకు అర్థమైంది. వెనక సీటు బెల్టును చివరికంటా బయటికి లాగింది. మామూలుగా కనిపించే భాగం శుభ్రంగానే ఉంది. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద, వరద దిగిపోయాక గోడ మీద మిగిలే గుర్తులాగా, మట్టిరంగు చార ఉంది. సీటు కింద ఇనుప పట్టాలు తుప్పెక్కాయి. ఆమె భర్త మోచేతిని తాకి, “ఏమండీ, ఇది నీళ్లలో మునిగిన బండి. ఈ బెల్టు చూడండి,” అంది మెల్లిగా.

ఆయన చూశాడు. తర్వాత బ్రోకరు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. “ఏమయ్యా, మమ్మల్ని చూస్తే వెర్రివాళ్లలా కనపడుతున్నామా? బెల్టు లాగి చూస్తే మునిగిన బండి అని చంటిపిల్లాడు కూడా చెప్తాడు!”

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ కథ ఇంకా పెరిగింది. “లోపలికి తల పెట్టగానే నాకు అనుమానం వచ్చింది నాన్నా. బెల్టు పట్టుకుని లాగాను...” మామగారు మెచ్చుకోలుగా తలాడించారు. “నా కొడుకువి కదరా,” అన్నారు. ఆమె నీళ్లు పోస్తూ విన్నది. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఎదురుగా కాస్త చోటుండాలి. అక్కడ కంచాలూ గ్లాసులూ నిండుగా ఉన్నాయి.

రెండోది ఒక రిటైరైన లెక్చరరమ్మ కారు. చూపు తగ్గి అమ్ముతోంది. ఫోనులో ఆవిడతో మాట్లాడిందీ, సర్వీసు వివరాలు కనుక్కుందీ, పంపిన ఫొటోల్లో బ్రేకు పెడల్ రబ్బరు అరుగుదల చూసి మీటరులో చూపే దూరం అబద్ధం కాదని తేల్చుకుందీ అంతా ఆమే. కూర్చునే ఎత్తు, డిక్కీ వెడల్పు, మధ్యలో నేల ఎత్తు, అన్నీ టేపు పెట్టి కొలిచి చెప్పమని అడిగింది. లెక్చరరమ్మ విసుక్కోకుండా చెప్పింది. ఒక్కొక్క అంకె వింటుంటే ఆమెకు ఒక్కొక్క ముడి విడిపోతున్నట్టు అనిపించింది. అన్నీ సరిపోయాయి.

చూడ్డానికి ఇంటిల్లిపాదీ బయల్దేరారు. పాత కారు ఎప్పటిలాగే నిండిపోయింది. “నువ్వు బస్సులో వచ్చేయ్. వాళ్ల వీధి మొదట్లోనే ఆగుతుంది,” అన్నాడు భర్త. ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఇలా విడిగా రావడం ఇదే ఆఖరుసారి అనుకుంటే నవ్వొచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడాలి. కొడుకు నవ్వుతాడు, భయమా అమ్మా అని. అననీ. ఆమె బస్సు కమ్మీ మీద వేళ్లతో తాళం వేసింది. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన తిరిగి చూస్తే చెయ్యి తీసేసింది.

ఆమె వెళ్లేసరికి అందరూ కారు చుట్టూ చేరి ఉన్నారు. లేత బూడిదరంగు కారు, ఎంత పొడవుందో అంత నెమ్మదిగా కనిపిస్తోంది. లెక్చరరమ్మ మెట్ల మీద నిలబడి, “కళ్లు సహకరించక ఇస్తున్నాను గానీ, లేకపోతే ఇవ్వను. నేనే నడిపేదాన్ని,” అంటోంది.

“ఒక్క మనిషికి ఇంత కారా!” అత్తగారు కోడలి చెవిలో అంది. “ఇన్ని సీట్లు పెట్టుకుని ఒక్కతీ ఏం చేసుకుందో!” అని తన సంచీ కోడలి చేతికిచ్చి ముందు తలుపు తెరిచింది. మామగారు కర్ర కోడలికి అందించి వెనక ఎడమవైపు ఎక్కారు. కొడుకు నడుమకు జరిగాడు. కూతురు నీళ్ల సీసా తల్లి చేతిలో పెట్టి కుడి కిటికీ దగ్గర సర్దుకుంది. భర్త స్టీరింగు ముందు కూర్చుని వీపు వాల్చి, “ఆహా!” అన్నాడు.

అత్తగారు మూలగకుండా కూర్చోవడం ఆమె ఎన్నో ఏళ్లకు చూసింది. ఆవిడ కాళ్లు నేలకు సరిగ్గా ఆనాయి. “ఒరేయ్, నాకోసమే చేసినట్టుందిరా ఈ సీటు! నీ బుర్రే బుర్ర!” అంది తన కొడుకు భుజం తట్టి. “మా నాన్న మామూలోడు కాదు నానమ్మా,” అన్నాడు మనవడు, కాళ్లు హాయిగా చాపి. మామగారు తలుపు పిడి మీద చెయ్యివేసి, “కొత్త వాసన లేదు గానీ, పర్లేదు, బాగుంది,” అన్నారు.

“ఓసారి బెల్టులు చూడు,” అన్నాడు భర్త.

ఆమె సంచీ, కర్ర, సీసా ఒక చేతిలోకి సర్దుకుని, రెండో చేత్తో ఒక్కొక్క తలుపులోంచి వంగి ఒక్కొక్క బెల్టు చివరికంటా లాగి చూసింది. ఇది ఆయనది, శుభ్రంగా ఉంది. ఇది అత్తయ్యది. ఇది మామయ్యగారిది. నడుమది వాడిది. ఇది దానిది, చార లేదు, మరక లేదు. ఆ తర్వాతదాని కోసం ఆమె చెయ్యి సీటు మీద తడిమింది. చెయ్యి అలా తడుముతూ ఉండగానే ఆమెకు తెలిసింది.

తర్వాతది లేదు.

ఏరు దాటిన మూర్ఖుల కథ చిన్నప్పుడు విని కడుపుబ్బ నవ్వింది. ఒడ్డుకొచ్చాక అంతా ఉన్నారో లేదో లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టేవాడల్లా తనను వదిలేసి మిగతా వాళ్లనే లెక్కపెడతాడు. ఒకడు మునిగిపోయాడని గొల్లుమంటారు. ఇంటిల్లిపాది మోకాళ్లూ నడుములూ కొలిచిన మనిషి, కారు సీటు కింద తుప్పును కనిపెట్టిన మనిషి, తనకొక సీటు కావాలన్న సంగతి ఇన్నాళ్లూ చూసుకోలేదు. సముద్రాన్ని ఎన్నిసార్లు ఊహించుకుందో. ఊహలో ఎప్పుడూ కారు ఆగిపోయి, తలుపులు తెరుచుకుని ఉండేవి. దారంతా తను ఎక్కడ కూర్చుని వచ్చిందో ఆ ఊహలోకి ఒక్కసారీ రాలేదు. టేపు ఇంట్లో అందరి ఒంటి మీదా పడింది, తన ఒంటి మీద తప్ప. వాళ్లు మరిచిపోయారంటే సరే, వాళ్లకు అలవాటు. తను కూడానా? ఆ మూర్ఖులు నయం. ఒకడు తగ్గాడని తెలిసి కనీసం ఏడ్చారు.

ఆమె కుడివైపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“అలా వీధి చివరిదాకా తిప్పి తీసుకురండి,” అంటోంది లెక్చరరమ్మ.

భర్త తాళంచెవి తిప్పాడు. ఇంజను పిల్లి గురకలా మెత్తగా మొదలైంది. “విన్నారా? చప్పుడే లేదు!” అన్నాడు. తర్వాత అద్దంలోంచి వెనక్కి చూసి, “ఏంటలా నిలబడిపోయావు? తలుపేయ్,” అన్నాడు.

మొదట కూతురికి తట్టింది. బెల్టు పెట్టుకోబోతున్న చెయ్యి ఆగింది. “నాన్నా, మరి అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?”

భర్త సీట్లో తిరిగి వెనక ముగ్గురినీ చూశాడు, అక్కడ ఇంకో సీటేదో తను గమనించకుండా ఉండిపోయినట్టు. కొడుకు చాపిన కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు.

“ఇప్పుడు తిరిగొచ్చేది వీధి చివరిదాకానేగా,” అన్నారు మామగారు.

“ఇప్పుడు సరే, తర్వాత?” అంది కూతురు.

“దానికి ప్రయాణాలు పడవు కదే,” అంది అత్తగారు ముందునుంచి. గొంతులో చెడ్డతనం లేదు. ఆవిడ దాన్ని నిజంగానే నమ్ముతోంది.

“సర్దుకుంటే పడతాం. మీ అమ్మ సన్నగానేగా ఉంటుంది,” అన్నాడు భర్త. కొడుకు, “ఐదు బెల్టులే ఉన్నాయి నాన్నా,” అన్నాడు చిన్నగా. భర్త ఒక్క క్షణం ఆలోచించి, దారి దొరికినట్టు మొహం విప్పార్చుకుని ఆమె వైపు చూశాడు. “అయినా ఎన్నాళ్లు? వచ్చే ఏడు వీడు హాస్టలుకు పోతాడు. ఒక్క ఏడాది ఓపిక పట్టు. వీడి సీటు నీదే.”

ఆయన దాన్ని వరంలాగే ఇచ్చాడు. ఆమె కొడుకు మొహం చూసింది. మీసం ఇంకా సరిగా రాని మొహం. వాడు తల దించుకున్నాడు. వాడు లేచిపోతే వాడి చోట కూర్చుని, వాడు లేని సముద్రానికి వెళ్లాలి.

ఐదుగురూ ఆమె వైపే చూస్తున్నారు. వాళ్లు దేనికోసం చూస్తున్నారో ఆమెకు తెలుసు. ఫర్వాలేదు, మీరు వెళ్లండి, నాకేం, అన్న మాటల కోసం. అవి ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. ఇన్నేళ్లుగా వచ్చిన దారి వాటికి బాగా తెలుసు. అవి బయటపడితే అందరి మొహాలూ తేలికపడతాయి, కారు కదులుతుంది, తను ఈ అరుగు పక్కన సంచీ పట్టుకుని నిలబడుతుంది, లెక్చరరమ్మ మర్యాదకు మంచినీళ్లు తాగుతారా అని అడుగుతుంది. రాబోయే సాయంత్రాలన్నీ ఆమెకు ఒక్కసారిగా కనిపించాయి.

ఆమె వంగి సీసా కూతురి ఒళ్లో పెట్టింది. అటువైపు తిరిగి వెళ్లి కర్ర మామగారి చేతికిచ్చింది. సంచీ అత్తగారి మోకాళ్ల మీద, తను కొలిచిన మోకాళ్ల మీద, జాగ్రత్తగా ఉంచింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. అలా ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక ఒక క్షణం వాటి వైపు చూసుకుంది. మళ్లీ వచ్చి తెరిచి ఉన్న తలుపు పట్టుకుంది.

“తలుపెయ్యమంటే వినిపించడం లేదా? లెక్చరరుగారు ఎదురుచూస్తున్నారు,” అన్నాడు భర్త.

“వేస్తాను,” అంది ఆమె. “ముందు మీలో ఎవరు దిగుతారో చెప్పండి.”